గీత దాటని పిల్ల

పాలు పొంగుకొచ్చే వేళకి గోడ మీది ఈడుకన్ను పొద్దుటి పలకరింపు మొదలుపెట్టింది.

"పాలగిన్నె, పదకొండేళ్ళు. గరిటె, నాలుగేళ్ళు. రోకలి, అరవై రెండేళ్ళు. ఈ ఇంట్లో నమోదు కాని పాతవస్తువు లేదు. శుభోదయం."

వీరమణి అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలి పొయ్యి కట్టేసింది. మూడున్నరేళ్ళుగా ప్రతి పొద్దూ ఆమెకి ఇదే పరీక్ష. నెగ్గిన కాసేపటికే మర్నాటి పరీక్ష భయం మొదలవుతుంది.

ఈడుకన్ను లేని ఇల్లు ఇప్పుడు రాష్ట్రంలో లేదు. చూడడానికి అరచేతి వెడల్పు నల్లటి పలక. ఎదురుగా ఉన్న వస్తువు ఎన్నేళ్ళ నాటిదో, ఏ మట్టిలో పడి ఉండి వచ్చిందో చెప్పేస్తుంది. మట్టిలో చాలాకాలం ఉన్న వస్తువుకి ఆ మట్టిలోని ఉప్పులు పడతాయి. ఏ నేల ఉప్పులు ఆ నేలవే. దాన్ని మట్టిముద్ర అంటారు. ఈ కన్ను వచ్చాక బజార్లో కొత్త బియ్యాన్ని పాత బియ్యమని అమ్మేవాళ్ళు లేరు. పెళ్ళిచూపుల్లో పిల్ల కట్టుకున్న చీర కొత్తదా, పక్కింటి వాళ్ళదా అన్నది కూడా దాచలేని విషయమైపోయింది. కానీ దాన్ని తయారుచేసింది చీరల కోసం కాదు, భూమిలో దొరికే పాతవస్తువుల కోసం. చట్టం చిన్నదే. బళ్ళో పిల్లలకి మొదటి వారంలోనే నేర్పుతారు. భూమిలో దొరికిన వందేళ్ళు దాటిన వస్తువు ఏదైనా రాజ్యానిది. దొరికిన చోటే వదిలేయాలి. ఒక్క రోజులోపు చెప్పాలి. ఇంటికి తెచ్చుకుంటే దొంగతనం.

పల్నాట్లో ఉన్న పాటిపాలెం ఆ చట్టం మీదే కూర్చుని ఉంది. రెండువేల ఏళ్ళ క్రితం ఎవరో కాపురాలు చేసి వదిలేసిపోయిన ఊరు కూలి, దుమ్ము పేరుకుని, దిబ్బ అయింది. ఆ పాటిదిబ్బ మీదే ఇప్పటి ఊరు. బూడిదరంగు పాటిమన్ను తోలితే ఎరువక్కర్లేకుండా మిరప కాస్తుందని తాతల నాడు బండ్లకొద్దీ తోలుకునేవారు. ఇళ్ళ గోడలూ ఆ మన్నుతోనే పెట్టారు. ఇప్పుడు ఊరి చుట్టూ మోకాలెత్తు తెల్ల రాళ్ళ వరస ఉంది. దాని పేరు కావలిగీత. గంపెడు మన్ను గీత దాటినా నేరమే. ఊళ్ళోంచి బయటికి ఒకటే వాకిలి, దాని మీద ఒక పెద్ద కన్ను. గీత పొడుగునా దానికి కనిపిస్తుంది. నిరుడు ఊరినే ఖాళీ చేయించాలని తీర్మానం అయింది. కార్తీకం వెళ్ళేలోగా అందరూ గీత అవతల కట్టిన గూటిమేడల్లోకి పోవాలి. ప్రతి ఇంటి గోడ మీదా ఎర్రరంగుతో ఒక గుర్తు వేసి పోయారు.

"అమ్మా, చూడు, ఊగుతంది," అంది మంకెన కింది పన్నుని నాలుకతో అటూ ఇటూ తోస్తూ. ఆ పిల్లకి అయిదున్నరేళ్ళు. అంగన్‌వాడీ ఊళ్ళోనే కాబట్టి ఇంతవరకు గీత దాటే పని పడలేదు. ఇవాళే ఒకటో తరగతి, బడి అవతల.

"కదిలించమాక, చీము పట్టిద్ది," అంది వీరమణి అలవాటుగా. ఆమెకి అన్నిటికీ భయమే. మొగుడు పట్నంలో పనికి పోయి పండగలకే వస్తాడు. పిల్ల గౌను పైకెత్తి మొలతాడు చూసింది. మొలతాడుకి కందిగింజంత ఎర్రపూస, పైన లక్క పూత.

వాకిట్లో చేటలో మిరపగింజలు ఏరుతున్న అత్త అంకమ్మ తల ఎత్తకుండానే అంది: "దాని జోలికి పోమాక."

"వాకిట్లో నిన్న కొత్తకన్ను పెట్టారంట అత్తా. లక్కలోంచి కూడా చూసిద్దంట."

"అంట, అంట. నీకు చెవులున్నంత కాలం నిద్ర పట్టదే పిల్లా. పూస కట్టినాక మళ్ళా ఫిట్స్ వచ్చినయ్యా పిల్లకి?"

"రాలా."

"ఇంకేంది మరి? ఇవాళ మొదటిసారి గుమ్మం దాటతంది. ఇవాళే తీస్తావా?"

వీరమణి చెయ్యి మొలతాడు మీదే ఆగిపోయింది. మంకెనకి రెండేళ్ళప్పుడు కళ్ళు తేలేసి, పిడికిళ్ళు బిగిసి, ఒళ్ళంతా కొయ్యబారిన ఆ మధ్యాహ్నం ఆమెకి ఇంకా కళ్ళలోంచి పోలేదు. ఆ వారమే వాన వెలిసిన మిరపచేలో, నీళ్ళు కడిగిన మట్టి మీద ఈ పూస మెరుస్తూ కనిపించింది. తొలకరికి పాటిచేలల్లో పూసలు తేలడం ఊళ్ళో అందరికీ తెలుసు. పసిపిల్లల మొలకి కడితే జబ్బు దిగుతుందనీ తెలుసు. లక్క పూస్తే పాతకన్నుకి కనపడదనీ తెలుసు. కన్నుకి తెలియకూడనివి ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలుసు.

చెబుదామని ఆ రోజు అనుకోకపోలేదు. కానీ ఆమె తండ్రి అలాగే చెప్పాడు. దున్నుతుంటే బొమ్మలు చెక్కిన రాయి నాగలికి తగిలితే, చట్టం ప్రకారం గంటలోపే పోయి చెప్పాడు. నెల తిరక్కుండా ఆ రాయితోపాటు ఎకరం పొలమూ కావలిగీతలోకి పోయింది. తొమ్మిదో తరగతి మధ్యలో వీరమణి పుస్తకాలు అటక మీద పెట్టేసి కూలికి పోయింది.

మొలతాడు మీద గౌను కిందికి లాగి, "పద," అంది.

*

వాకిలి దగ్గర పదకొండు మంది పిల్లలు, వాళ్ళ తల్లులు. అవతల బడి బస్సు. వీరమణి అందరికంటే ముందొచ్చింది. ఆలస్యమైతే ఏమవుతుందోనన్న భయం. కావలివాడు యోహాను ఆ ఊరివాడే. కొత్తకన్నుని గుడ్డతో తుడుస్తూ, "అంకమ్మ పిన్నీ, నువ్వు కూడా ఒకటో తరగతిలో చేరతన్నావా ఏంది?" అన్నాడు.

"నీకు పాఠం చెప్పడానికి వస్తన్నా," అంది అంకమ్మ.

నవ్వులు వినిపించాయి. వీరమణికి మాత్రం నవ్వు రాలేదు. వాకిలి పక్క గదిలోంచి కావలి అధికారి షహనాజ్ బయటికొచ్చి నిలబడింది. నలభై ఏళ్ళ మనిషి, మాట నెమ్మది. కొత్తకన్ను మొదటి రోజు కాబట్టి స్వయంగా చూడడానికి వచ్చింది. పాతకన్ను ఆవగింజంత వస్తువునే పట్టేది, ఇది ధూళి రేణువుని కూడా పడుతుందని పైవాళ్ళు చెప్పారు.

మంకెన గంతులేస్తూ వాకిలి కిందికి వెళ్ళింది.

"ఆగండి," అంది కన్ను. చాలా మర్యాదైన గొంతు. "పాటిదిబ్బ మట్టిముద్ర. పందొమ్మిది వందల ఏళ్ళు. దయచేసి వస్తువును బల్ల మీద ఉంచండి."

వాకిలి రెక్కలు మూసుకున్నాయి. యోహాను గుడ్డ పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"ఏముందమ్మా పిల్ల దగ్గర?" అంది షహనాజ్.

అబద్ధం చెప్పడానికి వీరమణికి నోరు రాలేదు. వంగి మొలతాడు తెంపి పూసని బల్ల మీద పెట్టింది. "ఫిట్స్ వస్తే కట్టాం మేడమ్. అమ్ముకోవడానికి కాదు. ఒట్టు."

"మన్నించండి," అంది కన్ను. "వస్తువు ఇంకా పిల్ల దగ్గరే ఉంది."

"అంటే? ఇంకేం కట్టారు?"

"ఏం కట్టలేదు మేడమ్!"

చెవిపోగులు తీశారు. "చెవిపోగులు, మూడేళ్ళు," అంది కన్ను. కాలి పట్టీలు తీశారు. రిబ్బను తీశారు. కొత్త గౌను విప్పారు. "గౌను, ఇరవై రోజులు. వస్తువు ఇంకా పిల్ల దగ్గరే ఉంది." మంకెన లోపలి గౌనుతో అందరి ముందూ నిలబడి, చేతులు గుండెకి అదుముకుని, వెక్కడం మొదలుపెట్టింది.

"వస్తువు కదులుతోంది," అంది కన్ను. "దయచేసి నిలకడగా ఉంచండి."

"అది వస్తువు కాదే నీయమ్మ కడుపు కాలా, పిల్ల!" అని అరిచింది అంకమ్మ.

షహనాజ్ ముఖంలో ఇందాకటి నెమ్మది పోయింది. "మింగించారా?"

"ఏంది మేడమ్?"

"నిరుడు ఒక చోట మేనమామ పిల్లాడి చేత నాణేలు మింగించి గీత దాటించాడు. ఇలాంటప్పుడు నియమం ఒకటే. పిల్లని ఒంటరిగా విడిబండిలో పరిశీలన గృహానికి పంపుతాం. లోపలున్నది బయటికొచ్చేదాకా మూడు రోజులో, నాలుగు రోజులో. అప్పటిదాకా ఇంటివాళ్ళెవరూ దగ్గరుండకూడదు."

"విడిబండి బయలుదేరింది," అంది కన్ను. "ఇరవై నిమిషాల్లో చేరుతుంది."

వీరమణి పిల్లని ఎత్తుకుని వెనక్కి రెండడుగులు వేసింది. వెనక మూసిన వాకిలి వీపుకి తగిలింది. రెండో కాన్పు మూడో నెల. పొద్దుటినుంచి కడుపులో ఏమీ లేక కళ్ళు తిరుగుతున్నాయి. రాత్రిళ్ళు మీద చెయ్యి వేయకపోతే నిద్రపోని పిల్ల. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలని వాళ్ళకి ఎవరు చెబుతారు? పూస కూడా లేదు ఇప్పుడు.

"నేను పంపను," అంది.

"పంపననడానికి లేదమ్మా. నా చేతుల్లో కూడా లేదు. బండి దానంతటదే వస్తుంది."

"మేడమ్, మీ చేతికన్నుతో ఒకసారి కడుపు చూడండి," అన్నాడు యోహాను గొంతు తగ్గించి. "చూసినంత మాత్రాన తప్పేం లేదుగా. ఈ మనిషి పిల్లకి చేదు మందు మింగించడానికే అరగంట ఏడిచిద్ది. నాణెం మింగించిద్దా?"

షహనాజ్ ఒక్క క్షణం అతని వైపు చూసి, నడుముకున్న చిన్నకన్ను తీసింది. తల్లి చంకలో ఉన్న పిల్ల కడుపు మీద పెట్టింది. ఏ చప్పుడూ లేదు. గుండె మీద పెట్టింది. లేదు. మెడ దాటి గడ్డం దగ్గరికి తెచ్చేసరికి అది మోగింది.

"నోరు తెరువు తల్లీ."

మంకెన ఏడుపు ఆపి, కదిలే పన్ను చూపించే అవకాశం వచ్చిందని నోరు బారెడు తెరిచింది. చిన్నకన్ను ప్రతి పన్ను దగ్గరా మోగింది. ఇరవైసార్లు.

షహనాజ్ చిన్నకన్ను దించి, ఆ నోట్లోకి వంగి చూసింది. ఈ ఉద్యోగంలోకి రాకముందు ఆమె ఎముకలు చదివే చదువు చదివింది. పాలపళ్ళు చిగుళ్ళ బయట కనపడేది పుట్టాక ఆరో నెలకే కానీ, లోపల గట్టిపడడం తల్లి కడుపులో నాలుగో నెలనుంచే మొదలవుతుందని ఆమెకి తెలుసు. ఆ నెలల్లో తల్లి నెత్తుట్లో ఏ ఉప్పులు ఉంటే బిడ్డ పళ్ళలోకి అవే పోతాయి. కన్ను చదివేది ఆ ఉప్పుల ఈడునే.

"వీరమణి గారూ," అంది. మొదటిసారి పేరు పెట్టి పిలిచింది. "ఈ పిల్ల కడుపులో ఉన్నప్పుడు మీరు ఏం తిన్నారు?"

వీరమణి తల దించుకుంది. ముఖమంతా ఎర్రబడింది. చుట్టూ ఊరి ఆడవాళ్ళంతా ఉన్నారు. పక్కనే అత్త. మన్ను తింటే పుట్టే పిల్లకి రోగాలొస్తాయని ఆ అత్తే పదిసార్లు అంది. పిల్లకి ఫిట్స్ వచ్చినరోజు నుంచి, అది తన వల్లే వచ్చిందని వీరమణి ఎవరికీ చెప్పకుండా మోస్తున్న మాట అది.

"బండి పన్నెండు నిమిషాల్లో చేరుతుంది," అంది కన్ను.

"మన్ను తిన్నా," అంది వీరమణి. "పాటిమన్ను. వాన పడితే పెరటి గోడ వాసన వస్తది మేడమ్. ఉండలేకపోయేదాన్ని. మధ్యాహ్నం అత్త పడుకున్నాక గోడ గిల్లి తినేదాన్ని. అయిదో నెల నుంచి కాన్పు దాకా."

అంకమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఓసి పిచ్చి మొద్దా! దానికా నువ్వు అయిదేళ్ళబట్టి నా ముఖంలోకి చూడవు? నీ మొగుడు కడుపులో ఉన్నప్పుడు ఆ గోడకి అటుపక్క మొత్తం నేను తిన్నా. పెరటి గోడ వంకరగా ఎందుకుందనుకున్నావే?"

వరసలో ఎవరో ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. ఎందుకంటే నవ్విన మనిషి కూడా మన్ను తిన్నదే. ఒక్కొక్క తల్లీ తన పిల్ల చెయ్యి పట్టుకుని వాకిలికి ఒకడుగు దూరం జరిగింది. షహనాజ్ అది చూసింది. పదకొండు మంది పిల్లలు, అందరివీ పాలపళ్ళే.

*

అలాంటి చిక్కులొస్తే అడగడానికి తీర్పరి అనే యంత్రం ఉంది. చట్టమంతా దాని పొట్టలో ఉంటుంది. షహనాజ్ జరిగింది చెప్పింది. తీర్పరి తటపటాయించలేదు.

"మట్టిముద్ర ఉన్నది, వందేళ్ళు దాటినది. కాబట్టి పాతవస్తువు. రెండు మార్గాలున్నాయి. ఒకటి, విడిబండిలో తీసుకెళ్ళి, నిద్రపుచ్చి, నొప్పి లేకుండా ఇరవై వస్తువులనూ తీసి భద్రపరచడం. తర్వాత పిల్లకు ఎటువంటి ఆంక్షా ఉండదు. రెండు, ఉన్నచోటే నమోదు చేయడం. అప్పుడు వస్తువు గీత దాటరాదు. సంరక్షకులు వస్తువు వెంటే ఉండాలి."

"పళ్ళన్నీ పీకుతారంటా?" అంది అంకమ్మ.

"పీకరు," అంది వీరమణి. భయపడే మనిషి గొంతు కాదు అది. "రెండోది రాయండి మేడమ్."

"అర్థమైందా మీకు? చివరి పాలపన్ను ఊడేదాకా పిల్ల బయటికి పోకూడదు. ఇంకా ఆరేళ్ళు. బడి అవతల ఉంది."

వీరమణి వాకిలి అవతలి బస్సు వైపు చూసింది. బస్సు మెట్టు మీద టీచరు నిలబడి ఇటే చూస్తోంది. అటక మీద తొమ్మిదో తరగతి పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటి కోసమే ఆమె ఈ పిల్లని పొద్దున్నే తలస్నానం చేయించి అందరికంటే ముందు తీసుకొచ్చింది.

"పిల్ల బయటికి పోకూడదనేగా ఉంది. టీచరు లోపలికి రాకూడదని ఉందా?"

షహనాజ్ తీర్పరిని అడిగింది. "అటువంటి నిషేధం లేదు," అంది అది. "సంరక్షకురాలి పేరు చెప్పండి."

"వీరమణి. తల్లి."

"ఈ పేరు చెల్లదు. ఈ ఉదయం తొమ్మిది గంటల నాలుగు నిమిషాలకు నమోదు కాని పూస ఒకటి ఈమె చేతి మీదుగా బల్ల మీదికి వచ్చింది. పాతవస్తువును దాచిన వ్యక్తి పాతవస్తువుకు సంరక్షకురాలు కాలేదు. దోషి ఏడాదిపాటు గీత లోపల ఉండరాదు. సంరక్షకులు లేని వస్తువు మొదటి మార్గంలో పోవాలి. బండి మూడు నిమిషాల్లో చేరుతుంది."

వీరమణికి ఆ మాటలు ఒకటొకటిగా అందాయి. నిజం చెప్పి పూస బయట పెట్టిన ఆ ఒక్క పని, పిల్లని తనది కాకుండా చేసింది. తండ్రి గుర్తొచ్చాడు. దూరంగా దుమ్ము లేస్తోంది.

"తొందరపడమాక యంత్రమా," అంది అంకమ్మ. ముందుకొచ్చి బల్ల ముందు నిలబడింది. "పూస దానిది కాదు, నాది. చేలో నాకు దొరికింది. లక్క పూసింది నేను. పిల్ల మొలకి కట్టింది నేను. ఈ పిచ్చిదానికి తెలియదు. ఇవాళ తీసి పెట్టిందంటే, భయమేసి తీసింది."

"అత్తా!"

"నువ్వు నోరు మూసుకో. పెద్దవాళ్ళు మాట్లాడేటప్పుడు మధ్యలో రామాకు."

"లక్క మీద వేలిముద్ర సరిచూడాలి," అంది తీర్పరి. "పూసను కన్ను ముందు పెట్టండి."

షహనాజ్ పూస తీసుకుంది. లక్క మీద చిన్న సన్నటి బొటనవేలి గుర్తు స్పష్టంగా ఉంది. వీరమణి వేలంత. షహనాజ్ అంకమ్మ చేతుల వైపు చూసింది. మిరపకాయలు ఏరి ఏరి మొద్దుబారి, గోరు సగం విరిగిన బొటనవేళ్ళు. ఈ పదిహేనేళ్ళ ఉద్యోగంలో ఆమె ఒక్క వస్తువు మీద గీత కూడా పడనివ్వలేదు. పూసని అరచేతిలో పెట్టుకుని, చీరకొంగుతో తుడిచింది. గట్టిగా, రెండుసార్లు. లక్క పొట్టుగా రాలింది. కింద పందొమ్మిది వందల ఏళ్ళ ఎరుపు మెరిసింది.

"మీద దుమ్ముంది," అంది. "ఇప్పుడు చూడు."

"వేలిముద్ర లేదు. ఒప్పుకోలును స్వీకరించాను. దోషి: అంకమ్మ. సంరక్షకురాలు: వీరమణి. వస్తువు నంబరు నాలుగు వేల నూట పదిహేడు. విడిబండి వెనక్కి మళ్ళింది."

ఆ రోజు మధ్యాహ్నానికి ఎనిమిది మంది పిల్లల చేతులకి నంబరు వేసిన తెల్లపట్టీలు వచ్చాయి. సాయంత్రానికి అంకమ్మ బట్టలు, రోకలి మూటకట్టుకుని వాకిలి దాటింది. రోకలిని కన్ను ఆపలేదు. దానికి అరవై రెండేళ్ళే.

*

భాద్రపదం ముసురు పట్టింది. పాటిపాలెం ఖాళీ కాలేదు. వస్తువుని కదిలించకూడదు, సంరక్షకులు దాని వెంటే ఉండాలి. ఆ రెండు ముక్కల వల్ల మొదట మంకెన ఇల్లు, తర్వాత మిగతా ఏడిళ్ళు, ఆ ఇళ్ళు నిలబడాలంటే బోరింగూ దారీ కరెంటూ, అలా ఊరంతా ఆగిపోయింది. గోడల మీది ఎర్రగుర్తుల మీద వచ్చి సున్నం కొట్టి పోయారు. టీచరు రోజూ లోపలికొచ్చి అంగన్‌వాడీ అరుగు మీద పాఠం చెబుతోంది. వీరమణి తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకం తీసి దుమ్ము దులిపింది.

ఇదంతా పాలపళ్ళు ఉన్నంతవరకే. నంబరు పోయిన రోజు ఇంటికి ఎర్రగుర్తు మళ్ళీ వస్తుంది. ఆ సంగతి తీర్పరి చెప్పనక్కర్లేకుండానే ఊరికి అర్థమైంది.

వీరమణికి అయిదో నెల వచ్చింది. సీమంతానికి ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చారు. గాజులు, పూలు, చలిమిడి తెచ్చారు. పళ్ళెంలో చలిమిడి పక్కన తమలపాకు కప్పి ఇంకొకటి పెట్టారు. ఆకు తీస్తే పాటిమన్ను ఉండ. నున్నగా చేసి, కుంకం బొట్టు కూడా పెట్టారు.

"తినమ్మా," అంది పొరుగింటావిడ బుజ్జగింపుగా. "నీకెట్టాగూ ఇష్టమేగా. ఊరు నిలబడిద్ది."

ఒకప్పుడు దొంగతనంగా గిల్లుకున్న మన్ను. ఇప్పుడు అందరూ చేతులు కట్టుకుని తింటుందా లేదా అని చూస్తున్నారు. "తర్వాత తింటా," అని ఆమె ఉండని కొంగున ముడేసుకుంది.

మర్నాడు సాయంత్రం మంకెన పన్ను ఊడింది. వాకిలి దగ్గర షహనాజ్ దాన్ని దూదిలో పెట్టి చిన్న డబ్బాలో వేసింది. "ఒకటి స్వీకరించాను," అంది కన్ను. "ఇంకా పందొమ్మిది." యోహాను ముఖం తిప్పుకున్నాడు.

ప్రతి సాయంత్రంలాగే గూటిమేడల నుంచి నడిచి వచ్చిన అంకమ్మ, గీత అవతల గొడుగు కింద ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. ఇవతల వీరమణి, మంకెన. మధ్యలో మోకాలెత్తు తెల్ల రాయి. ఏడాదిలో ఇంకా దాదాపు పది నెలలున్నాయి.

"పన్ను ఇంటి మీద వేశావా?" అంది అంకమ్మ.

"డబ్బాలో వేశారు నాయనమ్మా. అది నాది కాదంట."

"నీ నోట్లోది నీది కాదంటే ఇంక లోకంలో ఎవరిది ఏముందే," అని అంకమ్మ గొణుక్కుంది. కోడలి వైపు తిరిగింది. "అన్నం తింటన్నావా? ముఖం పీక్కుపోయింది. రాత్రిళ్ళు ఎవరు తోడుంటున్నారు?"

"ఎవరో ఒకరు అత్తా."

"ఎవరో ఒకరు అంటే ఎవరూ లేరని."

మంకెన తెల్లపట్టీ ఉన్న చెయ్యి తల్లి కడుపు మీద వేసింది. ఆ పట్టీ అంటే దానికి గర్వం. బళ్ళో నంబరు లేని ముగ్గురు పిల్లలు దానితో ఆడుకోవడానికి వంతులేసుకుంటారు. "నాయనమ్మా, తమ్ముడికి కూడా నంబరు వస్తదా?"

అంకమ్మ మనవరాలి నోట్లోని ఖాళీ వైపు చూసింది. ఆమె చూపు వీరమణి కొంగుముడి మీదికి పోయింది.

"ఎవరిచ్చారే అది?"

"అందరూ."

"నేను మళ్ళీ వచ్చేసరికి ఇల్లుండాలని గానీ తింటావేమో," అంది అంకమ్మ. గొంతు గట్టిగానే ఉంది, గొడుగు మాత్రం కదులుతోంది. "నా కోసం తినమాక. చెప్తన్నా. ఆ మేడలో నాకు బాగానే ఉంది."

వీరమణి ముడి విప్పింది. వాన తగిలి ఉండ మెత్తబడింది. ఆ వాసన లేచింది, పెరటి గోడ వాసన, ఆరేళ్ళ కిందటి మధ్యాహ్నాల వాసన. ఊరి కోసం కాదు, ఇంటి కోసం కాదు, అత్త కోసం కూడా కాదు. ఆమెకి నిజంగానే నోరూరింది. ఈ మాట చెబితే ఇప్పుడు ఎవరైనా నమ్ముతారా? కడుపులో బిడ్డ కదిలింది. తింటే ఆ బిడ్డకి పన్నెండేళ్ళ దాకా గీత దాటే దారి లేదు. తినకపోతే, మంకెన పళ్ళు ఊడిపోయాక ఇల్లు లేదు.

ఉండని పారేయలేక, నోట్లో పెట్టుకోలేక, తనకీ అత్తకీ మధ్యనున్న తెల్ల రాయి మీద పెట్టింది. చెయ్యి మాత్రం దాని మీదే ఉంచింది.

వాకిలి మీది కన్ను ఇటు తిరిగింది.

"వస్తువు గీత మీద ఉంది," అంది మర్యాదగా. "దయచేసి అటో ఇటో జరపండి."